అక్క నేర్చుకున్న నొప్పి మాటలు
(పదవ తరగతి, తెలుగు మీడియం, హోసూరు)

మా అక్క జర్మనీలో నర్సింగ్ చదువుతోంది. మన బడిలోనే పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ప్లస్ టూ అయ్యాక రోజూ బెంగళూరుకు బస్సులో పోయి జర్మన్ నేర్చుకుంది. బీ2 పరీక్ష పాసయ్యాక ష్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో సీటు వచ్చింది. అది చదువూ పనీ కలిసిన కోర్సు. నెలనెలా జీతం కూడా ఇస్తారు.

కోర్సు మూడేళ్ళు. 2020 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం తరగతిలో 2,100 గంటలు, ప్రాక్టికల్‌లో 2,500 గంటలు గడపాలి. ప్రాక్టికల్ అంతా ఒకేచోట కాదు. ఆసుపత్రిలో, వృద్ధాశ్రమంలో, రోగుల ఇళ్ళకు వెళ్ళే సేవలో, పిల్లల విభాగంలో, మానసిక వైద్యంలో, ఇలా మారుతూ పోవాలి. ప్రాక్టికల్‌లో కనీసం 10 శాతం సమయం అనుభవమున్న నర్సు పక్కనే ఉండి నేర్పించాలని కూడా నియమం ఉంది.

మొదటి నెల అక్క చేసిన పని ఏమిటో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. ముసలివాళ్ళకు ఒళ్ళు తుడవడం, పళ్ళు తోమించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం. మన ఆసుపత్రుల్లో ఈ పనులన్నీ ఇంటివాళ్ళే చేస్తారు కదా! అక్కడ అవన్నీ నర్సు పనులే. ఈ సంగతి తెలిసి మా వీధిలో ఒకాయన, "ఇంత చదివించింది ముసలోళ్ళ కాళ్ళు కడిగేదానికా?" అన్నాడు. నాయన మాట్లాడకుండా లోపలికి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అక్కకు ఈ మాట చెబితే నవ్వింది. "ఒళ్ళు తుడిచేటప్పుడే కదా చర్మం చూసేది. కాళ్ళు వాచినాయా, ఊపిరి ఎగపోస్తా ఉండారా, నిన్నటికీ ఇవాళకీ మనిషిలో ఏం మారింది, అన్నీ అప్పుడే తెలుస్తాయి" అంది.

భాషతో మాత్రం చాలా కష్టపడింది. పుస్తకంలో నేర్చుకున్న జర్మన్ ఒకటి, అక్కడి ముసలమ్మలు మాట్లాడేది ఇంకొకటి. 'కొంచెం' అనడానికి పుస్తకంలో 'ఐన్ బిస్షెన్' అని ఉంటే వాళ్ళు 'అ బిస్లె' అంటారట. ఇది విని నాకు మన పరిస్థితి గుర్తొచ్చింది. మన తెలుగు వాచకంలో 'ఉన్నది' అని ఉంటుంది, ఇంట్లో మనం 'ఉండాది' అంటాం. ఇంటి మాటకూ పుస్తకం మాటకూ మధ్య తిరగడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటే. పైగా బడిలో తమిళం, సంతలో కన్నడం.

తెలుగు వల్ల అక్కకు లాభమే కలిగింది. జర్మన్‌లో పెద్దవాళ్ళను పిలవడానికి 'జీ', దగ్గరివాళ్ళకు 'డూ'. మన మీరు, నువ్వు లాగానే. 'అతను వస్తాడని నాకు తెలుసు' లాంటి వాక్యంలో 'అతను వస్తాడని' అన్న భాగానికి జర్మన్‌లో కూడా క్రియ చివరికే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనవి నొప్పి మాటలు. అక్కడ నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపల అంకెతో చెప్పమంటారు. తర్వాత ఎలాంటి నొప్పి అని అడుగుతారు. గుచ్చినట్టా, మండినట్టా, లాగినట్టా, ఒత్తినట్టా? అక్క ఆ నాలుగు జర్మన్ మాటల పక్కన నోట్‌బుక్కులో పోటు, మంట, గుంజు, బరువు అని రాసుకుంది. ఆ తెలుగు మాటలు తనకు మా అవ్వ దగ్గర వచ్చినవి.

పోయిన ఏడాది ఆషాఢంలో అవ్వ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఎక్కువసేపు మంచం మీదే ఉంది. అక్కడ మధ్యాహ్నం రెండు దాటాక అక్క డ్యూటీ దిగితే మనకు సాయంత్రం ఐదున్నర దాటుతుంది. రోజూ ఆ వేళకు వీడియో కాల్ చేసేది. ఒకే పక్కన పడుకుంటే మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర పుండ్లు పడతాయని, మాటిమాటికీ పక్క మార్చాలని, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలని చెప్పింది.

"ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూస్తాం. వేలు తీశాక కూడా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. కానీ అవ్వది నలుపు ఒళ్ళు, ఎరుపు కనపడదు. చెయ్యి పెట్టి చూడు. పక్క చోటు కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా? అవ్వను కూడా అడుగు" అంది.

నేను అడిగాను. అవ్వ, "ఎడమ మడమ సలుపుతా ఉండాది" అంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఆసుపత్రికి తీసుకుపోయాం. అవ్వ ఎన్నిసార్లు 'సలుపు' అన్నా అక్కడి నర్సమ్మకు అర్థం కాలేదు. చీటీలో ఒట్టి నొప్పి అని రాసుకోబోయింది. నేను తమిళంలో వివరంగా చెప్పాక దుప్పటి తీసి మడమ చూసింది. పుండు ఇంకా పడలేదు. పది రోజుల్లో తగ్గిపోయింది.

ఆరోజు సాయంత్రం నాయన ఆ వీధాయనను పిలిచి, "మా పెద్దది అక్కడ కాళ్ళు కడిగి నేర్చుకున్న పనే ఇది" అని తనే చెప్పాడు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇంగ్లండు నుంచి జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌కు పోయి 1851లో శిక్షణ పొందింది. అంటే నర్సు పని నేర్చుకోవడానికి పరాయి దేశం పోవడం కొత్తేమీ కాదు. అవ్వకు మాత్రం ఇప్పటికీ దిగులే. "అక్కడి ముసలోళ్ళను చూసేదానికి నా మనవరాలు ఉంది. నన్ను చూసేదానికి ఎవరుండారు?" అంటుంది. దీనికి అక్క దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

నాకూ నర్సింగ్ చదవాలని ఉంది. ఎక్కడ అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా ఒక పని మొదలుపెట్టాను. మా అవ్వా, పక్కింటి అవ్వలూ ఒంటి బాధలకు వాడే మాటలు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. సలుపు, పోటు, తీపు, గుంజు, తిమ్మిరి, నలత, కడుపులో దేవడం. ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. ఎదురుగా తమిళం, కన్నడం, ఇంగ్లీషు మాటలు కూడా రాస్తున్నాను. మీ ఇంట్లో అవ్వలు చెప్పే మాటలు ఇంకేమైనా ఉంటే నాకు తెచ్చివ్వండి.