పంపని కబురుకు జవాబు

2011 సెప్టెంబరులో న్యూట్రినోలనే కణాలు కాంతిని దాటాయన్న వార్త వచ్చింది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా భూగర్భంలో 730 కిలోమీటర్లు; కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయట. నా ఇంటర్ క్లాసులో ఒక అమ్మాయి లేచింది. "ఎక్స్‌ప్రెస్ ప్యాసింజర్‌ను దాటిపోతుంది కదా సార్, కాంతిని ఏదైనా దాటితే నష్టమేంటి?"

బోర్డు మీద లెక్క వేశాను. చంద్రుణ్ణి చేరడానికి కాంతికి సుమారు 1.28 సెకన్లు పడుతుంది. పంపిన క్షణానే అక్కడికి చేరే కబురు మన దగ్గర ఉందనుకుందాం. చంద్రుడి వైపు సెకనుకు 1,80,000 కిలోమీటర్ల వేగంతో పోతున్న నౌకల గడియారాల ప్రకారం, ఆ కబురు పంపడానికి దాదాపు ఒక సెకను ముందే అక్కడ అందింది. ఇది కంటి భ్రమ కాదు. కాంతి ప్రయాణానికి పట్టే సమయాన్ని మినహాయించాక తేలే లెక్కే ఇది. మన లెక్క ఎంత నిజమో అదీ అంతే. ఆ క్షణంలో చంద్రుడి పక్కన ఉన్న నౌక, తన గడియారం ప్రకారం తక్షణం చేరేలా జవాబిస్తే, మనం కబురు పంపడానికి ముప్పావు సెకను ముందే అది భూమికి వచ్చేస్తుంది.

"జవాబు చూశాక నేను కబురు పంపడం మానేస్తే?" అంది ఆ అమ్మాయి.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. కారణం ముందు, ఫలితం తర్వాత అన్నది ప్రకృతి నియమమా, మన మనసు కోరుకునే క్రమమా? కాంతి కంటే నెమ్మదిగా పోయేదాన్ని కాంతి వేగానికి చేర్చలేమని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. పుట్టుకతోనే కాంతిని మించి పోయే కణాలను మాత్రం అది నిషేధించదు. కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ 1962లోనే ఇద్దరు సహచరులతో కలిసి ఆ సంగతి రాశారు. కాలంలో వెనక్కి పోయే రుణశక్తి కణాన్ని, ముందుకు పోయే ధనశక్తి కణంగా చూడవచ్చన్నారు. ఆ సాహసమంటే నాకు గౌరవం. కానీ ఒక మనిషి కావాలని పంపిన కబురు దగ్గర ఆ దారి నన్ను ఒప్పించలేదు.

సాపేక్షత, కార్యకారణ క్రమం, కాంతిని మించిన కబురు: మూడూ ఒకచోట ఇమడవని మెల్లగా అర్థమైంది. ఒకదాని నుంచి మరొకదానికి కాంతి చేరగలిగిన సంఘటనల మధ్యే ముందువెనకలు అందరికీ ఒకటి. మూడింటిలో దేన్ని వదలాలి? నేనైతే కబురునే వదులుకుంటాను.

ఆ న్యూట్రినోలను కొలిచిన గ్రాన్ సాసోలోని ఒపేరా బృందం తమ ఫలితాన్ని పరీక్షించమని శాస్త్రలోకాన్నే అడిగింది. కొన్ని నెలలకు, సరిగా బిగించని ఒక ఫైబర్ కేబుల్ బయటపడింది. 2012లో మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతిని దాటలేదు. ఫలితం కారణాన్ని దాటి ముందుకు రావచ్చని సూచించే కొలత చేతిలో ఉన్నప్పుడు కూడా, వాళ్లు నెలల తరబడి వెతికింది ఆ కొలతకు కారణాన్నే.