మొదటి చుక్క నేలకు

గ్లాసుకు గ్లాసు తాకించి చెప్పుకునే మాట మా యానాదుల ఇళ్లలో లేదు. మాకున్నది సాక. లొట్టిలోంచి కల్లు తాటాకు రేకులోకి వంచగానే ఇంటి పెద్ద ముందు రెండు చుక్కలు నేలమీద వదులుతాడు. ఒకటి నేలతల్లికి, ఒకటి వెళ్లిపోయిన పెద్దలకు. ఆ తర్వాతే రేకు చేతులు మారుతుంది. పెద్ద పండుగకు పెద్దలకు పెట్టుకునేటప్పుడూ అంతే, పెళ్లి మాట ఖాయమైనప్పుడూ అంతే. వియ్యపువాళ్లు ఒకే లొట్టిలోది తాగారంటే మాట ఇచ్చినట్టే.

అవనిగడ్డ, నాగాయలంక, రేపల్లె వైపు మా గుడిసెలు ఎక్కువగా కాలవ గట్ల మీదే. కల్లు పక్కన తినేదీ మా చేతి పనే: మడ అడవి పీతలు, కాలవ చేపలు, కోతల రోజుల్లో పొలం ఎలుకలు. చేను కాపాడినందుకు రైతు ఎలుకకు ఇంత అని కూలి ఇస్తాడు. బొరియ తవ్వితే దొరికే వడ్లు మావే. ఎలుకను నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది పంచుకుంటాం. విజయవాడ హాస్టళ్లలో మన పిల్లలు ఈ సంగతి చెప్పడానికి జంకుతారు. ఎలుకలు తినేవాళ్లు, తాగుబోతులు అని రెండు మాటలు జంటగా మనమీద వేశారు మరి. మొదటిది మన తిండి, దానికి సిగ్గెందుకు? రెండోదాన్ని మాత్రం మనమే నిదానంగా చూసుకోవాలి.

తాటికల్లు ఎండాకాలపు వస్తువు. తెల్లవారుజామున దించింది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. దాచుకోలేం కాబట్టి పంచుకుంటాం. సీసా మందు ఏడాది పొడవునా దొరుకుతుంది, అప్పు మీదా దొరుకుతుంది, ఒక్కడే మూల కూర్చుని తాగొచ్చు. చేపల చెరువుల కాపలాకు వెళ్లిన మావాళ్లు కొందరు అడ్వాన్సు డబ్బు సీసాలకే పోసి, ఆ బాకీ తీరక ఏళ్ల తరబడి గట్టు దిగలేదు. సీసా మందుతో సాక పోయడం మేం ఎక్కడా చూడలేదు.

ఏజెన్సీలో కోయలకు, కొండరెడ్లకు జీలుగు చెట్టు ఉంది. 1996 నాటి పెసా చట్టం అక్కడి గ్రామసభకు మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం ఇచ్చింది. మన డెల్టా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ చెట్టు రైతుది, గీత గౌడన్నది. మద్యం దుకాణం ఎక్కడ పెట్టాలో మనల్ని ఎవరూ అడగరు. అయినా చేతులు ముడుచుకోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా వద్దని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది గానీ, వాళ్లు గ్రామసభ అధికారం కోసం ఎదురుచూడలేదన్నది గుర్తుంచుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మందు వద్దని చెప్పేటప్పుడు పిల్లల ఇంటి ఆచారాన్ని తప్పు పట్టకండి. సాక గురించి, ఎలుకలు పట్టే నేర్పు గురించి వాళ్లచేతే రాయించండి. మా ఇళ్లలో కొందరు కల్లు కూడా మానేశారు. పండుగనాడు వాళ్లు మంచినీళ్లతో సాక పోస్తున్నారు. ముసలివాళ్లెవరూ కాదనలేదు.