మన ఎండకు తట్టుకునే చేప

ఏప్రిల్ వచ్చిందంటే దేవదుర్గలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. కృష్ణకు కుడివైపు తాలూకా, నారాయణపుర కుడి కాలువ నీళ్లు పారే పొలాలు. అయినా ఇళ్ల గోడలు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. ఇలాంటి ఊళ్లో గాజుతొట్టిలో చేపలు పెంచుతామంటే నేను చెప్పేది ఒకటే: నియాన్ టెట్రాల జోలికి పోకండి, జీబ్రా చేపలు తెచ్చుకోండి.

నియాన్ అందం గొప్పదే, కాదనను. కానీ అది అమెజాన్ అడవి నీడలో, సున్నం దాదాపు లేని నీళ్లలో పుట్టిన చేప. 26 డిగ్రీలు దాటితే దానికి పడదు. మన బోరు నీళ్లా, కాచిన గిన్నెకు తెల్లటి పొర కట్టే రకం. జీబ్రా అలా కాదు. గంగ, బ్రహ్మపుత్ర మైదానాల్లోని వాగులు, వరిమళ్లు దాని ఇల్లు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే గంగానది చేపల పుస్తకంలో దాన్ని వర్ణించాడు. అది చలికీ ఎండకీ ఓర్చుకుంటుంది.

ఓర్చుకోలేనిది ఒంటరితనం. దుకాణంలో జత చాలంటారు, నమ్మకండి. రెండే ఉంటే బలమైనది రెండోదాన్ని తరిమి తరిమి రెక్కలు చీల్చేస్తుంది. పది ఉంటే ఆ తరుముడు అన్నిటి మధ్యా పంపకమై ఆటగా మారుతుంది. మా తొట్టిలో పొద్దున్నే చూడాలి: రెండు మగవి పక్కపక్కన రెక్కలు విప్పి గిర్రున తిరుగుతాయి, అంతలో తలుపు చప్పుడైతే గుంపంతా ఒక్క విసురున మళ్లుతుంది. పక్కచేప కదలికను కళ్లతోనే కాదు, ఒంటి పక్కన బారుగా ఉండే పార్శ్వరేఖతో కూడా పసిగడతాయి. గుంపులో ఉన్నప్పుడే ఆ చేప పూర్తిగా చేప. అందుకే ఎత్తు కన్నా పొడవున్న తొట్టి కొనండి, ఈదడానికి బారు కావాలి. మూత తప్పనిసరి, ఎగిరి దూకేస్తాయి.

ఇక ఎండాకాలం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. హీటరు మనకు అక్కర్లేదు, చిన్న ఫ్యాను కావాలి. మూత స్థానంలో దోమతెర బిగించి నీటిమీదికి గాలి తగిలేలా పెడితే, మన పొడిగాలికి నీరు ఆవిరై తొట్టి రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తగ్గిన మేరకు బోరు నీళ్లే పోస్తూ పోతే మాత్రం ఆవిరి కాని లవణాలన్నీ నీళ్లలోనే పేరుకుంటాయి. వారానికోసారి పావు వంతు తీసేసి, పట్టి ఉంచిన వాననీళ్లు కలిపి పోయండి.

కరెంటు పోయి ఆక్సిజన్ మోటారు ఆగిందా, చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తుండండి. ఆ పూట మేత వేయకండి. తిన్నది అరగడానికి చేపకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి.