కుప్పం రైల్లో సెరీనా ఆటకు

సినిమా పత్రికలో టెన్నిస్ గొడవేమిటని విసుక్కోకండి. మద్రాసు ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ 1983లో జేమ్స్‌బాండ్ చిత్రం 'ఆక్టోపస్సీ'లో వేషం వేయలేదా? ఆటకూ సినిమాకూ చుట్టరికం ఎప్పుడో కలిసింది! అయినా నేను చెప్పబోయేది తారల సంగతి కాదు. వాళ్ళకు చప్పట్లు కొట్టే మనలాంటి అభిమానుల సంగతి.

2008 మార్చి. బెంగుళూరు కబ్బన్ పార్కు స్టేడియంలో మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు. మాది మదనపల్లె. మా ఊరినుంచి బెంగుళూరుకు నేరుగా బస్సులున్నాయి. కాని పుంగనూరులో ఒక స్నేహితుడు, కుప్పంలో బావమరిది... ముగ్గురం కలిసే వెళ్ళాలని ఒప్పందం. అప్పట్లో మూడూళ్ళూ చిత్తూరు జిల్లావే.

శుక్రవారం సాయంత్రం బస్సెక్కాను. పొట్టి ఆవులకు పేరుపడిన పుంగనూరులో మిత్రుడు ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే, "ఏంబ్బా, సానియానే లేదు గదా, ఇంక ఎవుర్ని చూడాలని పోతాండాం?" అన్నాడు.

నాకు మాట రాలేదు. కారణం ఉంది.

2005 ఫిబ్రవరి 12న హైదరాబాదులో సానియా మీర్జా అల్యోనా బొందరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆ రోజు మా వీధిలో మిఠాయి పంచింది నేనే! 2008 జనవరిలో పెర్త్‌లో హోప్‌మన్ కప్ వేళ, ఆమె పాదాల దగ్గర మన జెండా ఉన్నట్టు కనబడే ఫోటో ఒకటి పేపర్లలో పడింది. ఇంకేం, దేశమంతా రభస, కోర్టులో ఫిర్యాదు! జనగణమనను ఠాగూరు 1919లో ఇంగ్లీషు చేసింది మదనపల్లెలోనే. ఆ ఊరివాణ్ణన్న గొప్పతో టీ కొట్టు దగ్గర నేనూ నాలుగు మాటలు తూలాను. ఇక్కడ ఆడినప్పుడల్లా ఏదో ఒక గొడవేనని, బెంగుళూరుకు రానని ఫిబ్రవరిలో ఆమె చెప్పేసింది.

పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి రాత్రయింది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే నోట పలికే ఊరది. బావమరిది కూతురు పదేళ్ళది, పాత బ్యాటు చేతబట్టుకుని, "మామయ్యా, సానియాక్క సంతకం తేవాల!" అంది. తలూపాను. అబద్ధమే!

శనివారం పొద్దున్నే రైలు. బంగారుపేట దాటాక చిత్రాన్నం పొట్లాలు విప్పాం. కంటోన్మెంటులో దిగి, ఆటోలో కబ్బన్ పార్కు చేరుకున్నాం. అంత నగరం నడుమ అన్ని చెట్లు! ఆ నీడల్లోనే స్టేడియం.

ఆనాటి సెమీ ఫైనల్ అక్కాచెల్లెళ్ళది. వీనస్, సెరీనా! 2005 యూఎస్ ఓపెన్ తర్వాత మళ్ళీ ఎదురెదురుగా నిలబడింది ఇక్కడే. టీవీలో బంతి కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుంటే బంతి చప్పుడు గుండెలో పడుతుంది. మొదటి సెట్టు చెల్లెలిది, 6-3. రెండోది అక్కది, 6-3. మూడోదానిలో అక్క 6-5తో ముందుంది, ఒక్క పాయింటు వస్తే గెలుపు. చెల్లెలు దాన్ని కాచుకుంది. టై బ్రేకర్ 7-4తో నెగ్గింది. ఎవరి పక్షమో తెలియక మేం ఇద్దరికీ చేతులు మండేలా చప్పట్లు కొట్టాం.

రైల్లో వస్తూ మిత్రుడు ఒక కథ చెప్పాడు. 2001లో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్‌లో ఇలాగే ఈ ఇద్దరికీ సెమీ ఫైనల్ పడింది. ఆటకు కాస్త ముందు వీనస్ గాయమని తప్పుకుంది. ఆ కోపం జనం ఫైనల్లో సెరీనామీద తీర్చుకున్నారు. ఆట పొడుగునా గేలి చేశారు. ఆమె క్లైస్టర్స్‌ను ఓడించి కప్పు పట్టుకుంది గాని, మళ్ళీ ఆ ఊళ్ళో అడుగు పెట్టలేదు.

"వచ్చే వారం ఆడ మళ్ళా టోర్నమెంటుబ్బా. వీళ్ళు ఈడ ఆడిరిగాని, ఆడికి పోరు" అన్నాడు.

నాకు చురుక్కుమంది. వాళ్ళు ఇండియన్ వెల్స్‌కు ఎందుకు పోరో, సానియా బెంగుళూరుకు ఎందుకు రాలేదో... రెండింటికీ జవాబు ఒకటే. మైదానం కాదు, గ్యాలరీ!

కుప్పంలో పాప మేలుకునే ఉంది. "సంతకం ఏదీ మామయ్యా?"

"సానియా రాలేదమ్మా."

"ఏల రాలా?"

"మీ మామయ్యలాంటోళ్ళు నోరు పారేసుకున్నారు తల్లీ" అన్నాను. పాపకు అర్థం కాలేదు. బావమరిదికి అయింది, తల వంచుకున్నాడు. ఆ టీ కొట్టు దగ్గర మాటలు అతనూ అన్నవాడే!

మరునాడు సెరీనా ష్నైడర్‌ను ఓడించి కప్పు గెలిచింది. ఇండియన్ వెల్స్‌కు ఆమె తిరిగి వెళ్ళింది 2015లో, 14 ఏళ్ళ తర్వాత. లేచి నిలబడి చప్పట్లు కొడితే కన్నీళ్ళు పెట్టుకుంది. సానియా 2023 మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో వీడ్కోలు ఆట ఆడింది. అప్పటికి ఆమె ఖాతాలో 6 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్ళు!

టీవీలో చూస్తూ నేనూ లేచి నిలబడ్డాను. ఇంట్లో వాళ్ళు నవ్వారు. నవ్వనీండి. ఆ బాకీ 15 ఏళ్ళ నాటిది.