భువనగిరి బండ మీద తాడు

భువనగిరి కోట ఉన్న గుట్టంతా ఒకటే రాయి. నడుముకు తాడు బిగించుకుని, వేళ్లతో రాతి చీలికలు తడుముకుంటూ ఎక్కే పిల్లలకు మొదటి రోజు మోకాళ్ల వణుకు ఆగదు.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుకుంటూ ఇక్కడే ఎక్కడం నేర్చుకుంది. ఆపైన డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేసింది. వెంట ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్.

అంత చిన్న వయసులో ఎక్కిన ఘనత సరే, భువనగిరి బండ మీది ఆ తాడు సంగతి చూడండి. ఒకరు పైకి పాకుతుంటే ఇంకొకరు కింద రెప్పవాల్చకుండా తాడు పట్టుకోవాలి. ఒక పిల్ల ప్రాణం తోటి పిల్ల గుప్పిట్లో! నాయకత్వం పేరిట మైకు ముందు ప్రసంగాలతో సరిపెట్టే శిబిరాలు పిల్లలకు ఇంతటి బాధ్యత ఎప్పుడిస్తాయి?

2022కల్లా పూర్ణ ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కేసింది.