మేరీ సదర్లెండునకు చెప్పని మాట

కానన్ డాయిల్ వ్రాసిన షెర్లాక్ హోమ్సు కథలలో 'ఎ కేస్ ఆఫ్ ఐడెంటిటీ' యనునది 1891 సెప్టెంబరున స్ట్రాండు పత్రికయందు వెలువడినది. ఇందు హత్య లేదు. మేరీ సదర్లెండను కన్యకు ఏటేట సుమారు 100 పౌనుల వడ్డి కలదు. ఆ సొమ్ము నింటివారికి విడిచి, తాను కాగితమునకు 2 పెన్నీల చొప్పున టైపు చేసికొని బ్రతుకును. ఆమె పెండ్లియైనచో వడ్డి పోవును గదా! అందుచే సవతితండ్రి విండీబాంకు రంగుకండ్లజోడు ధరించి, గొంతు తగ్గించి, తానే వరుడై వచ్చి, బైబిలుపై ఆమెచే ప్రమాణము చేయించి, వివాహదినమున మాయమయ్యెను. తల్లికి నిందు పాలు గలదు.

వరుని జాబులలో సంతకము సయితము టైపుదే. అరిగిన యక్షరములు విండీబాంకు జాబుతో సరిపోయినవి. ఈ భాగము మిక్కిలి నేర్పు గలది.

పిమ్మట హోమ్సు చేసిన దేమి? చట్టము తన్ను తాకజాలదన్న విండీబాంకును కొరడాతో బెదరించి తరిమెను. మొరపెట్టుకొన్న మేరీకి మాత్రము నిజము చెప్పడు, చెప్పినను నమ్మదట! చెప్పి చూడకయే యీ తీర్పు మాకు సమ్మతము గాదు.

మే మీ కథను ఇంట చదివి వినిపింపగా, స్త్రీలు "ఆమె సొమ్మేమయ్యెను?" అని యడిగిరి. మూడేసి మాసముల కొకమారు విండీబాంకే వడ్డి తెచ్చి తల్లి కిచ్చునని కథ మొదట నున్నది. ఆ యేర్పాటు మారినట్లు చివర నెచ్చటను లేదు.