ముందు బ్రేకు, తర్వాతే రంగు

మా ఇంట్లో ఒక పాత జీపు ఉంది. 1989 మోడల్ మహీంద్రా ఎంఎం 540. జేకేపూర్ కాలనీలో, రాయగడ బజారు వైపు ఉండే మన వాళ్లలో చాలామందికి అది మలుపు తిరక్కముందే చప్పుడును బట్టి తెలిసిపోతుంది. 2024లో దాని రిజిస్ట్రేషన్ గడువు మళ్లీ అయిపోయింది. సొంత బండికి మొదట 15 ఏళ్లు ఇస్తారు, ఆ తర్వాత బండి నడిచే స్థితిలో ఉందని చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. మాది అప్పటికే నాలుగుసార్లు పొడిగించిన బండి. 2022 ఏప్రిల్‌లో ఈ పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, 2024లో అదే ఉండేది. ఫీజు కట్టేస్తే సరిపోదు, తనిఖీలో బండి నిలబడాలి.

పాత ఇనుము కొనే ఆయన ఇంటికే వచ్చి 55,000 ఇస్తానన్నాడు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు నెత్తి మీద ఉంది. "ఏవండీ, ఆయన మాట మీద ఉండగానే ఇచ్చెయ్యండి" అంది మా ఆవిడ. ఆమె మాటలో తప్పు లేదు. నాన్న మాత్రం అరుగు మీద కూచుని ఏమీ అనలేదు. ఆయనకు 79 ఏళ్లు. అన్నీ అయ్యాక ఒక్క మాటన్నాడు. "అమ్మీమంటే అమ్మీసీ బావూ. గానీ ఇప్పీసి సూసినాక అమ్ము. సూడకుండా అమ్మకు."

మిల్లులో 30 ఏళ్లకు పైగా ఫిట్టరుగా చేసిన మనిషి మాట అది. షట్‌డౌన్ వచ్చినప్పుడు యంత్రాన్ని విప్పి, ఏది అరిగిందో, ఏది ఇంకా పనికొస్తుందో చూసి గానీ స్టోరుకు చీటీ రాయని మనిషి. అందుకని విప్పాం.

ఈ బండి మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాత 1960లలో బొబ్బిలి దగ్గర పల్లె నుంచి మిల్లు పనికి వచ్చాడు. నాన్న అదే మిల్లులో ఫిట్టరయ్యాడు. 2003లో రిటైరయ్యాక గ్రాట్యుటీ డబ్బుల్లోంచి, వెదురు కాంట్రాక్టు చేసే ఒకాయన దగ్గర ఈ జీపు కొన్నాడు. ఉప్పు, సబ్బులు, ఎండు చేపలు వేసుకుని సంతలకు తిరిగాడు. బుధవారం చాటికోన సంతకు కొండ మీది డోంగ్రియా వాళ్లు పసుపు, అల్లం, అనాసపళ్లు దించుతారు. అక్కడ అమ్మిన ఉప్పుతోనే మా చెల్లి పెళ్లి అయింది. వానాకాలంలో ఎర్రమట్టి దారులు బురద గుంటలయ్యేవి, గెడ్డలు పొంగేవి. రెండు చక్రాలు లాగే బండి అక్కడికి పోలేదు. నాలుగూ లాగే బండి కావాలి.

జీపు పుట్టుక యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధానికి అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన బండి ఇది. 1947 నుంచి మహీంద్రా వాళ్లు బొంబాయిలో విడిభాగాలు బిగించి జీపులు తయారుచేయడం మొదలుపెట్టారు. మా బండి ఆ వంశంలోదే. ఇంజిన్ మాత్రం ప్యూజో డిజైను డీజిల్, నాలుగు సిలిండర్లు, 2,112 సీసీ. దీంట్లో కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. పానాలు, జాకీ, సుత్తి ఉంటే విప్పలేని భాగం తక్కువ. పాత జీపులు ఇంకా బతికి ఉన్నాయంటే కారణం అదే.

విప్పే పనికి ముందు నాన్న చిన్న సుత్తి పట్టుకుని బండి కిందికి దూరాడు. వద్దన్నా వినలేదు. చాసిస్ పొడుగునా, కొస నుంచి కొసకు, జానెడుకొక దెబ్బ కొట్టుకుంటూ పోయాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా మోగుతుంది. నాన్నకు చెవులు సరిగ్గా వినబడవు. మిల్లు మోత తీసుకున్న చెవులవి. అందుకని నన్ను పక్కన పడుకోబెట్టి, "ఏటంటోంది?" అని దెబ్బకొకసారి అడిగాడు. రెండు చోట్ల తప్ప అంతా ఖంగుమంది. ఆ రెండూ వెనక కమాను కట్టలు తగిలించే చోట్లు. అక్కడ మట్టి, నీరు నిలిచి ఇనుమును లోపల్నుంచి తినేశాయి. చాసిస్ మధ్యలో కుళ్లిపోయి ఉంటే ఆ సాయంత్రమే ఇనుమాయనకు ఫోను చేసేవాళ్లం. కాదు కాబట్టి చేయలేదు.

ఆ తర్వాత ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న లెక్క వచ్చింది. కాలనీ కుర్రాళ్లు సాయం పట్టారు, సలహాలూ ఇచ్చారు. వెడల్పు టైర్లు వేయమన్నారు, బండిని ఆరంగుళాలు పైకి లేపమన్నారు, ముందు ఎల్ఈడీ లైట్ల బారు పెట్టమన్నారు. కొత్త మోడల్ ఇంజిన్ దించి వేసేద్దామని కూడా ఒకడన్నాడు. నాన్న అంతా విని, "బండికి బలం సాల్లేదని ఎవడన్నాడ్రా? ఆగడం సాల్లేదు" అన్నాడు.

నిజం అదే. ఆ కాలపు జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఎవరి డ్రమ్ములైనా ఒకటే కథ. గెడ్డ దాటితే లోపలికి నీరు పోతుంది, తడిసిన లైనర్ పట్టదు. పెడలు కొంచెం నొక్కిపెట్టి కొంత దూరం పోయి ఆరబెట్టుకోవాలి. గెడ్డ దాటగానే దిగుడు ఉంటే ఆరబెట్టే తీరిక ఉండదు. దానికి తోడు మా బండిలో చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు తుప్పుపట్టి, రబ్బరు వాషర్లు గట్టిపడిపోయాయి. అంతకుముందు వానాకాలం ఒకసారి మా పెద్దమ్మాయి పక్కన ఉండగా ఘాటీ దిగుడులో పెడలు నేలకంటింది. లో గేరులో ఉన్నాం గనుక ఇంజినే బండిని పట్టుకుంది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పకముందే పిల్లే చెప్పేసింది. మా ఆవిడ అమ్మెయ్యమనడానికి ఫీజు ఒక్కటే కారణం కాదు.

అందుకని మొదటి ఖర్చు బ్రేకులకే పెట్టాం. ముందు చక్రాలకు డిస్కులు, కొత్త మాస్టర్ సిలిండరు, పైపులన్నీ కొత్తవి. బ్రేకు నొక్కినప్పుడు బండి బరువు ముందుకు పడుతుంది. పనంతా ఎక్కువగా ముందు చక్రాలదే, దిగుడులో మరీ. డిస్కు బయటికే ఉంటుంది కాబట్టి తిరుగుతూనే నీరు విసిరేస్తుంది, ప్యాడ్లు మిగతాది తుడిచేస్తాయి. పెడలు తేలిక కావడానికి బూస్టరు పెట్టాం. బూస్టరుకు వ్యాక్యూమ్ కావాలి. పెట్రోలు ఇంజిన్లో అది గాలి పీల్చే దారిలోనే దొరుకుతుంది, డీజిల్లో మామూలుగా అలా దొరకదు. అందుకని వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ వేశాం. ఇది తెలియక బూస్టరు ఒక్కటే బిగించుకుంటే పెడలు ఇంకా గట్టిపడుతుంది. వెనక చక్రాలకు డ్రమ్ములే ఉంచి, సిలిండర్లు, లైనర్లు మార్చాం.

రెండోది స్టీరింగు. వేగం పెరిగితే ముందు చక్రాలు వణికేవి. పవర్ స్టీరింగు పెడితే పోతుందన్నారు. అరుగుదల ఉన్నచోట ఉండగా పైన బలం పెడితే జబ్బు పోదు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ కొసలు, కమాను కట్టల బుష్షులు మార్చాం. కింగ్ పిన్ దగ్గర పల్చని షిమ్ములు తీస్తూ పెడుతూ బిగువు సరిచేయాలి. ఎంత బిగువో చేతికి తెలియదు. సంతలో చింతపండు తూచిన స్ప్రింగు త్రాసు నాన్న తెచ్చి, చక్రం తిరిగే చేతికి తగిలించి లాగి, ఎన్ని కేజీల దగ్గర కదులుతోందో చూశాడు. వెల్డింగుకొచ్చిన కుర్రాడు నోరు తెరిచాడు. "మావయ్యా, ఇది ఎక్కడ నేర్చావు?" అంటే, "మిల్లులో రోలు బిగువు సూసినోడికి ఇదొక లెక్కా?" అన్నాడు.

ఇంజిన్ మార్చలేదు. కంప్రెషన్ చూపిస్తే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. పొగ వచ్చేది నాజిళ్ల వల్ల. డీజిలు పొగమంచులా చిమ్మాల్సింది, ధారగా కారుతోంది. నాజిళ్లు మార్చి, పంపు క్యాలిబ్రేషన్ చేయిస్తే పొగ పోయింది. క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్లు కొత్తవి. ఇంజిన్ ముట్టుకోకపోవడానికి ఇంకో కారణం చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చేసినప్పుడు ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వేరే ఇంజిన్, వేరే ఆకారం అంటే తనిఖీలోనే ఆగిపోతాం. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గరా మాట పడుతుంది. మీరు ఏ మార్పు తలపెట్టినా డబ్బు పెట్టకముందే ఆర్‌టీవో ఆఫీసులో అడగండి.

వైరింగంతా పీకి ఫ్యూజులు, రిలేలు పెట్టి కొత్తగా వేశాం. ముందు సీట్లకు భుజం మీదుగా వచ్చే బెల్టులు బిగించాం. టైర్లు కంపెనీ సైజే, 6.00-16. సన్నటి టైరు బురదను కోసుకుని కింది గట్టినేల పట్టుకుంటుంది. మా దారులకు అదే మేలు.

నాలుగు చక్రాల సంగతి ఒకటి చెప్పాలి, ఇలాంటి పాత జీపులు నడిపే వాళ్లకు పనికొస్తుంది. గేరు కర్ర పక్కన ఉండే చిన్న కర్రలు ట్రాన్స్‌ఫర్ కేసువి. ఇంజిన్ బలాన్ని ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు పంచేది అదే. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం పోవు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు, ఆ మెలి అంతా పళ్లచక్రాల మీద పడుతుంది. కాబట్టి తారు ఎక్కగానే ఫోర్ వీల్ తీసెయ్యాలి. నాన్న 20 ఏళ్లు నడిపినా మా ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు కొత్తవాటిలా ఉండడానికి ఆ ఒక్క అలవాటే కారణం.

అన్నీ బిగించాక బండి స్టార్టు చేసి, నాన్న పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను వాటర్ పంపు మీద ఆనించాడు. ఇదివరకు పిడి చెవికి పెట్టేవాడు. ఇప్పుడు దవడ ఎముకకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని ఆల్టర్నేటర్ దగ్గర, గేరుబాక్సు దగ్గర అలాగే చూశాడు. "ఇనబడదు గానీ ఎముక్కి తెలుస్తాది" అని స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు. ఆల్టర్నేటర్ బేరింగు గరగరమంటున్నది నాకూ తెలిసింది. కొత్తదే, కానీ బెల్టు మరీ బిగువుగా ఉంది. సడలిస్తే గరగర ఆగింది.

ఖర్చు దాచను, ఎవరైనా ఇలాంటి పని తలపెడితే ఉపయోగం. చాసిస్ ప్యాచీలు, నేల రేకు, టింకరింగు 38,000. బ్రేకులు 27,000. నాలుగు టైర్లు 20,000. నాజిళ్లు, పంపు 14,000. క్లచ్, సీళ్లు 11,000. స్టీరింగు పని 9,500. వైరింగు, బెల్టులు 8,000. రంగు మేమే వేసుకున్నాం, 6,500. మొత్తం 1,34,000. చీటీ పాడితే 1,20,000 వచ్చింది. మిగతా 14,000 నాన్న తన పింఛను డబ్బుల్లోంచి తీసిచ్చాడు. పిల్ల ఫీజు ముట్టుకోలేదు. మా ఆవిడ పెట్టిన షరతు అది ఒక్కటే. చీటీ వాయిదాలు ఇంకో ఏడాది కట్టాలి. బండి సంతకు పోతోంది కాబట్టి కడుతున్నాం. తనిఖీలో బండి నిలబడింది, ఐదేళ్లు ఇచ్చారు.

ఇది లాభమా అని అడిగేవాళ్లున్నారు. సెకండ్ హ్యాండులో చిన్న కారు వచ్చేదే. కానీ ఆ కారు మా దారుల్లో రెండు వానాకాలాలు ఆగదు, పాడైతే మా చేతులతో విప్పలేం. అయినా అందరికీ బాగుచేయమని చెప్పను. చాసిస్ కుళ్లిన బండిని ప్రేమతో నడిపితే మనుషులు పోతారు. అలాంటిదాన్ని ఇనుముకు ఇచ్చేయడమే న్యాయం.

మన కాలనీల్లో షెడ్ల వెనక, చెట్ల కింద ఇలాంటి జీపులు ఇంకా కొన్ని ఉన్నాయి. మిల్లులో పనిచేసిన పెద్దలు కూడా ఇంకా ఉన్నారు. బండిని అమ్మేముందు ఒక ఆదివారం ఆ పెద్దాయన చేతికి చిన్న సుత్తి ఇచ్చి, పక్కన మీరు కూచోండి. ఆయనకు వినబడకపోతే మీరు వినిపెట్టండి. ఖంగుమంటే ముందు బ్రేకులు చూడండి. రంగు సంగతి దీపావళికి చూసుకోవచ్చు.